అంకెయు, కథయు



ప్రభుత్వము చేయు పనులను గూర్చి మన గ్రామములలో మాట పుట్టిన తోడనే, ఆ మాట రెండు కక్షలుగా చీలిపోవుట మీరందరు ఎరిగినదే. చెరువుగట్టు తెగినదన్నను, బడికి పంతులు లేడన్నను, ఆసుపత్రికి తాళము పడినదన్నను, 'ఇది యెవరి యేలుబడిలో జరిగినది?' అను ప్రశ్న ముందు వచ్చును. 'ఎన్ని యెకరములు ఎండినవి? ఎందరు పిల్లలు చదువు మానిరి?' అను ప్రశ్న వెనుకబడిపోవును. ఏ కక్షకును చేరక, ఊరికి మేలైన మాటను పదిమందిచేత ఒప్పించుటకు మనకు రెండు సాధనములు గలవు. ఒకటి అంకె, రెండవది కథ. ఈ రెండును కలిసి పనిచేసిన సందర్భములను కొన్నిటిని తెలుగునాటి చరిత్రనుండి యెత్తి చూపి, వానినుండి మనము నేర్చుకొనవలసినదేమో మనవి చేసెదను.

తర్కశాస్త్రమున ఒక విషయమును ఎదుటివానికి ఒప్పించుటకు అయిదు అవయవములు చెప్పబడినవి: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము. కొండపై నిప్పున్నదనుట ప్రతిజ్ఞ. పొగ యుండుటవలన అనుట హేతువు. 'పొగ యున్నచోటనెల్ల నిప్పుండును. వంటయింటియందు వలె' అనుట ఉదాహరణము. హేతువు లేని ఉదాహరణము వట్టి ముచ్చటయై పోవును. ఉదాహరణము లేని హేతువు వినువాని మనస్సునకు పట్టదు. రాజ్యవ్యవహారములలో హేతువు స్థానమున నిలుచునది అంకె. ఉదాహరణము స్థానమున నిలుచునది కథ.

శాస్త్రము చదువకయే మన యిండ్లలోని స్త్రీలు ఈ న్యాయమును ఎరుగుదురు. అన్నముడికినదో లేదో ఒక్క మెతుకు పట్టి చూచి చెప్పుదురు. అయితే కుండను అడుగునుండి కలియబెట్టిన పిమ్మటనే ఆ మెతుకు పట్టుదురు. ఏలయన, పైన ఉడికియు అడుగున మాడియు ఉండవచ్చును. ఒక యింటి కథ ఒక మెతుకు. ఊరిలోని యిండ్లన్నిటిని లెక్కపెట్టుట కుండను కలియబెట్టుట. రెండు పనులును చేసినవాడే వంట తెలిసినవాడు.

ఇక ప్రస్తుతమునకు వత్తము. హైదరాబాదు నగరమున పడమటి దిక్కున రాతిగుట్టలమీద జూబిలీ హిల్స్ అను పేటయు, దానిని ఆనుకొని ఫిల్మ్ నగర్ అను పేటయు గలవు. మద్రాసులో పెరిగిన తెలుగు చలనచిత్ర పరిశ్రమ ఇరువదవ శతాబ్దపు చివరిభాగమున క్రమక్రమముగా హైదరాబాదునకు తరలివచ్చి, ఈ గుట్టలమీద నిలదొక్కుకొన్నది. తెలుగు చలనచిత్ర వాణిజ్యమండలి కార్యాలయము ఫిల్మ్ నగర్‌లోనే యున్నది. మన పల్లెలలో పిల్లలు ఆటలలో పలుకు మాటలు పెక్కు ఆ పరిసరములలో పుట్టినవే. అదే జూబిలీ హిల్స్‌లో డాక్టరు మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల అభివృద్ధి సంస్థ యున్నది. ప్రభుత్వమున పనిచేయు అధికారులకు అక్కడ శిక్షణ యిత్తురు. ఒకే గుట్టపై ఒకచోట కథలు అల్లుచుండగా, వేరొకచోట పరిపాలనపు లెక్కలు నేర్పుచున్నారు.

ఆ పేరుగల శాసనసభా నియోజకవర్గమున 2025 నవంబరు 11వ తేదీన ఉపయెన్నిక జరిగినది. సుమారు 4 లక్షల ఓటరులలో సగముమందియైనను ఓటు వేయుటకు రాలేదు. నూటికి 48 మందికి కొంచెము మించి వచ్చిరి. గెలుపోటములతో ఈ ప్రసంగమునకు పనిలేదు. ఇండ్లు మారినవారి పేర్లు పాత జాబితాలయందు నిలిచిపోవుట మొదలగు కారణములు పట్టణములలో పెక్కు ఉండవచ్చును. అయినను ఒక సంగతి ఆలోచింపదగినది. కథలు పుట్టుచోటు ప్రక్కనే యున్నంతమాత్రమునను, లెక్కలు తెలిసినవారు పొరుగుననే యున్నంతమాత్రమునను, జనులు రాజ్యవ్యవహారములలో పాలుగొనరు. ఆ కథలో తమ యిల్లు కనబడవలెను. ఆ లెక్కలో తమ చేయి ఉండవలెను. ఈ మాట నిజమని చూపుటకు మూడు చరిత్రలు చెప్పెదను.

మొదటిది చలనచిత్ర పరిశ్రమ మద్రాసులో నున్న దినముల నాటిది. 1937లో మద్రాసు రాజధానియందు రాజగోపాలాచారిగారి మంత్రివర్గము ఏర్పడినది. అప్పుడు రెవెన్యూ మంత్రియైన టంగుటూరి ప్రకాశము పంతులుగారి అధ్యక్షతను, జమీందారీ రైతుల స్థితిగతులను విచారించుటకు ఒక సంఘము నియమింపబడెను. ఆ సంఘము రైతుల సాక్ష్యములను పుచ్చుకొని, 1802 నాటి శాశ్వత పరిష్కారము మొదలుకొని శిస్తుల చరిత్రను పరిశీలించి, 1938లో నివేదిక సమర్పించెను. భూమికి హక్కుదారు రైతేయనియు, శిస్తును 1802 నాటి మట్టమునకు తగ్గింపవలెననియు దాని సారాంశము. అది శాసనకర్తలు చదువవలసిన గ్రంథము. నాగలి పట్టినవానికి అది చేరుటకు వేరొక త్రోవ కావలసియుండెను.

మరుసటి యేడు, అనగా 1939లో, గూడవల్లి రామబ్రహ్మముగారు 'రైతుబిడ్డ' యను చిత్రమును తీసిరి. జమీందారీలో చిన్నరైతు పడు బాధయే దాని విషయము. కొన్ని ప్రాంతములలో అధికారులు దానిని నిషేధించిరి. ఇందొక విశేషమున్నది. ఆ చిత్రమును నిర్మించిన సారథి సంస్థకు వెన్నుదన్నుగా నున్నవారు చల్లపల్లి జమీందారుగారు. జమీందారీని విమర్శించు కథకు జమీందారే పెట్టుబడి పెట్టుట చూడగా, సత్యమును చెప్పుటకు పుట్టిన కక్ష అడ్డము రానక్కరలేదని తెలియును. 1948లో మద్రాసు శాసనసభ ఎస్టేటుల రద్దు చట్టము చేసినది. అది ఒక్క నివేదికవలనను కాలేదు, ఒక్క చిత్రమువలనను కాలేదు; రైతుసంఘముల దీర్ఘకాల కృషియు, స్వరాజ్యమును దానికి మూలములు. అయినను, నివేదికలోని అంకెయు తెరమీది కథయు ఒకే మాట చెప్పినప్పుడు ఆ మాట కచ్చేరీలోను కళ్ళములోను ఒక్కసారిగా వినబడెనని మనము గ్రహింపవచ్చును.

రెండవది మీలో పెక్కుమంది కన్నులార చూచిన చరిత్ర. నెల్లూరు జిల్లాలో 1990లో 'అక్షరదీపము' అను పేర వయోజనవిద్యా ఉద్యమము ఆరంభమయ్యెను. పగలు కూలిపని చేసిన స్త్రీలు రాత్రివేళ బడులకు వచ్చి అక్షరములు దిద్దిరి. వారు చదివిన వాచకమున 'సీతమ్మ కథ' యను పాఠ మొకటి యుండెను. తోటి స్త్రీలను కూడగట్టి తన ఊరి సారా దుకాణమును మూయించిన ఒక స్త్రీ కథ యది. కలిగిరి మండలములోని దూబగుంట గ్రామస్త్రీలు ఈ విషయమును తమలో తాము చర్చించుకొని, తమ ఊరికి సారా రాకుండ నిలిపివేసిరి. వారిలో వర్ధినేని రోశమ్మగారు తరువాత 'దూబగుంట రోశమ్మ'గా రాష్ట్రమంతట ప్రసిద్ధికెక్కిరి. పిమ్మట వారి విజయమే 'ఆడవాళ్ళు ఏకమైతే' యను పాఠమై మరియొక వాచకమున చేరి, జిల్లాలోని ఇతర గ్రామములకు ప్రాకెను. కల్పితమైన కథ ఒక ఊరిలో నిజమయ్యెను. ఆ నిజము మరల కథయై అనేక గ్రామములను లేపెను.

కథ వారిని లేపినది. లేచినవారిని నిలబెట్టినది లెక్క. కూలి యెంత వచ్చుచున్నది, అందులో మగడు సారాకు పోసినదెంత, బియ్యమునకు మిగిలినదెంత యను లెక్కకు పెద్దచదువు అక్కరలేదు. ఈ లెక్కకు ఎదురుగా ఇంకొక లెక్క సచివాలయమున నుండెను. ఆంధ్రప్రదేశ ప్రభుత్వమునకు ఆబ్కారీ రాబడి 1970-71లో సుమారు 39 కోట్ల రూపాయలు. 1991-92 నాటికి అది సుమారు 812 కోట్లకు పెరిగెను. ఇంటిలో తరుగుగా కనబడినదియు, ఖజానాలో పెరుగుగా కనబడినదియు ఒకే సొమ్ము. ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి చూపినప్పుడు, ఇది ఒక యింటి గొడవయనుకొన్నది రాజ్యనీతికి సంబంధించిన ప్రశ్న యయ్యెను.

1992లో నెల్లూరు జిల్లాయందు సారా పాటలు జరుగకుండ స్త్రీలు అడ్డగింపగా, అవి పలుమార్లు వాయిదా పడెను. 1993 ఏప్రిల్ 15న ఆ జిల్లాలోను, అక్టోబరు 1న రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను. అప్పటి ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డిగారు. తరువాత 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్యనిషేధము అమలులోనికి వచ్చెను. అప్పటి ముఖ్యమంత్రి, చిత్రరంగమునుండి వచ్చిన నందమూరి తారక రామారావుగారు. ఆ రెండును వేరువేరు పక్షముల ప్రభుత్వములు. ఆ స్త్రీలు ఒక పక్షమును గెలిపించుటకు బయలుదేరినవారు కారు. కనుకనే రెండు పక్షములును వారి మాట వినవలసివచ్చెను.

ఇందలి తక్కిన సగము కూడ చెప్పకున్న నా మాట పక్షపాతమగును. రాబడి తగ్గెననియు, దొంగసారాయు పొరుగు రాష్ట్రములనుండి దొంగరవాణాయు పెరిగెననియు కారణములు చెప్పి, 1997లో ప్రభుత్వము ఆ సంపూర్ణ నిషేధమును సడలించెను. సడలింపు మంచిదా చెడ్డదా యని నే నిచట తీర్పు చెప్పను. కాని ఒక పాఠము గలదు. ఇంటి లెక్కను గ్రామము తానై వేసికొన్నది. ఖజానాకు తగ్గు సొమ్మును దేనితో పూరింపవలెనను లెక్క గ్రామసభలకు చర్చకు రాలేదు. సగము లెక్కతో గెలిచిన గెలుపు సగము కాలమే నిలిచెను. కావున మనకు నచ్చిన అంకెనే కాక, ఎదుటివాని అంకెను కూడ గ్రామము ముందు పెట్టి ఆలోచించుట దూరదృష్టి.

మూడవది సామాజిక తనిఖీ. 2005లో భారత పార్లమెంటు గ్రామీణ ఉపాధి హామీ చట్టము చేసినది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లాలోని బండ్లపల్లియందు ఆ పథకము ఆరంభింపబడెను. జరిగిన పనులను గ్రామసభ తానే తనిఖీ చేయవలెనని ఆ చట్టపు 17వ విభాగము నిర్దేశించినది. నాటి ఆంధ్రప్రదేశము 2006లోనే ఈ తనిఖీని చేపట్టి, 2009లో దానికై ప్రత్యేకముగా ఒక సంస్థను నెలకొల్పినది.

దాని పద్ధతి వినుడు. కూలివారి కుటుంబములలో చదువుకొన్న యువకులకు, యువతులకు శిక్షణ యిచ్చిరి. వారు మస్టరు కాగితములను చేతబట్టుకొని ఇంటింటికి పోయి, 'అవ్వా! ఈ కాగితములో నీవు పండ్రెండు దినములు పనిచేసినట్లున్నది. నిజముగా ఎన్ని దినములు చేసితివి? చేతికి ఎంత ముట్టినది?' అని యడిగిరి. ఆమె చెప్పినది వ్రాసికొని, గ్రామసభలో బిగ్గరగా చదివిరి. పిమ్మట మండలకేంద్రమున ప్రజావేదికపై అధికారుల యెదుట అదే చదివిరి. చనిపోయినవారి పేరను, ఊరు విడిచిపోయినవారి పేరను కూలి పడినట్లు బయటపడిన సందర్భములు గలవు. కాగితముమీది పేరు ఒక అంకె. 'ఆ పేరుగలవాడు పోయి రెండేండ్లయినది' అని సభలో లేచి చెప్పిన పొరుగువాని మాట ఒక కథ. ఆ రెండింటి నడుమ అబద్ధము నిలువలేకపోయెను.

బయటపడిన సొమ్మంతయు తిరిగి వసూలు కాలేదు. ఇది కూడ నిజమే. అయినను ముఖ్యమంత్రులు మారినను, 2014లో రాష్ట్రము రెండైనను, ఈ పద్ధతి రెండు రాష్ట్రములయందును కొనసాగెను. 2025 డిసెంబరులో ఆ చట్టము స్థానమున పార్లమెంటు వేరొక చట్టము చేసినది. చట్టముల పేర్లు మారవచ్చును. లెక్కను ఊరి నడుమ చదివి వినిపించు అలవాటు మనది. దానిని మనము విడువరాదు.

పెద్దలారా! ఇది మనకు క్రొత్త విద్య కాదు. బుర్రకథను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. నడుమ కథకుడు తంబురతో కథ నడుపును. ఇరుప్రక్కల ఇద్దరు వంతలుందురు. ఒకడు హాస్యము చెప్పును. రెండవవాడు రాజకీయము, అనగా నాటి లోకవ్యవహారము చెప్పును. కథను వినుచు వినుచునే జనులు దేశకాలపరిస్థితులను గూర్చి ఆలోచింపవలెనని ఆ కళను తీర్చినవారు ఏర్పాటు చేసిరి. గుంటూరు జిల్లా పొన్నెకల్లువాడైన షేక్ నాజరుగారు ఆ కళను దేశమంతట ప్రసిద్ధము చేసిరి. 1986లో భారతప్రభుత్వము ఆయనను పద్మశ్రీతో గౌరవించినది. ఇప్పుడు మనకు కావలసినదెల్ల, ఆ రాజకీయపు వంత నోట ఒక సరియైన అంకెను పెట్టుటయే.

ఇక మీరు చేయదగిన పని చెప్పెదను. 1993 ఏప్రిల్ 24న అమలునకు వచ్చిన రాజ్యాంగ సవరణవలన గ్రామసభకు రాజ్యాంగమునందే స్థానము కలిగినది. ఆ సభకు పోవుటకు ముందు ఒక్క విషయమును మాత్రము ఎన్నుకొనుడు. త్రాగునీరు కానిండు, బడి కానిండు, చౌకబియ్యము కానిండు. పది విషయములు ఒక్కసారి పట్టినచో ఒక్కటియు తేలదు.

తరువాత ఇంటింటికి పోయి లెక్కపెట్టుడు. ఊరి చివరి వాడను మొదట లెక్కపెట్టుడు. ఎప్పుడును లెక్కకు అందక మిగిలిపోవునది అదియే. ప్రభుత్వపు లెక్క కావలసినయెడల 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద అర్జీ పెట్టుడు. సామాన్యముగా 30 దినములలో ప్రత్యుత్తరము ఇయ్యవలెనని ఆ చట్టము విధించినది. మీ లెక్కయు ప్రభుత్వపు లెక్కయు ఏకీభవింపనిచో, తేడా యెక్కడ వచ్చినదో చూచుడు. ఒక్కొక్కప్పుడు తప్పు మనదే కావచ్చును.

పిమ్మట మూడిండ్ల కథలు తీసికొనుడు. మేలు పొందిన యిల్లొకటి, కీడు పొందిన యిల్లొకటి, పథకమే చేరని యిల్లొకటి. కీడు పొందిన యింటినే చెప్పినచో నిందయగును. మేలు పొందిన యింటినే చెప్పినచో పొగడ్త యగును. ఎవరి కథ చెప్పినను వారి సమ్మతి తీసికొని చెప్పుడు. ఆకలి చెప్పుకొనుటకు సిగ్గుపడు ఇల్లాలిని సభలో నిలబెట్టి కన్నీరు పెట్టించుట పాపము. పేరు చెప్పవలదన్నచో పేరు విడిచి చెప్పుడు.

సభలో మాట్లాడునప్పుడు ఏ పక్షము పేరును ఎత్తకుడు. ఒక మాట కక్షకు చెందినదా ఊరికి చెందినదా యని తెలిసికొనుటకు చిన్న పరీక్ష గలదు. రేపు ప్రభుత్వము మారినచో ఇదే అంకెను ఇదే గొంతుతో చెప్పగలమా యని మనలను మనమే ప్రశ్నించుకొనవలెను. చెప్పగలిగినచో అది ఊరి మాట. నోరు తడబడినచో ఆ మాటను ఇంటివద్దనే విడిచి సభకు పోవలెను. ఆ పిదప స్త్రీలకును, చదువు రానివారికిని ఎదురు చెప్పుటకు అవకాశ మిచ్చి, వారు చెప్పినదానిని వ్రాసికొని, తీర్మానముతోపాటు పైవారికి పంపుడు.

కడపట ఒక విన్నపము. మన దేశమున జనగణన 2011 తరువాత జరుగలేదు. 2021లో జరుగవలసినది నిలిచిపోయినది. 2027 మార్చి 1 నాటి స్థితిని ఆధారముగా చేసికొని జనులను లెక్కింతుమని కేంద్రప్రభుత్వము 2025 జూన్ మాసమున ప్రకటించినది. ఈ లెక్కలో కులవివరములను కూడ చేర్చుదురు. ఏ ఊరికి ఎన్ని బడులు, ఎంత బియ్యము, ఎన్ని మంచములు గల ఆసుపత్రి యను నిర్ణయములు ఏండ్ల తరబడి ఈ అంకెలమీదనే ఆధారపడును. లెక్కించువాడు మీ వాకిటికి వచ్చినప్పుడు భయపడి కొందరిని దాచుటయు, ఆశపడి కొందరిని చేర్చుటయు రెండును మన పిల్లలకే నష్టము. వలసపోయిన కూలివానిని, ఒంటరిగా బ్రతుకుచున్న ముదుసలిని, గుడిసెలేని సంచారిని మరువకుండ వ్రాయించుట గ్రామపెద్దల బాధ్యత. ఇప్పటినుండియే మీ ఊరిలో అట్టివారెవరో ఒక కాగితముమీద వ్రాసి యుంచుడు. లెక్కించువాడు వచ్చిన దినమున ఆ కాగితమును అతని చేతికిచ్చి, 'వీరిని చూచితివా నాయనా?' అని యడుగుడు.